వేటజంతువుల మాంసం: ఒక లెక్కపై విమర్శ

గడ్డినేల నుండి మనిషికి మాంసం రావాలంటే మధ్య ఒక జంతువు ఉండక తప్పదు. ఆ జంతువు గొడ్డు కావలెనా, అడవిమృగం కావలెనా అన్న ప్రశ్న 1960 ప్రాంతంలో ఆఫ్రికా ఖండాన్ని గురించి ఆలోచించే శాస్త్రజ్ఞులను విశేషంగా ఆకర్షించింది. సవన్నా బయళ్ళలో గొడ్ల మందలను పెంచడం కన్న, అక్కడ సహజంగా తిరిగే జింకజాతి మృగాలను, జీబ్రాలను కాపాడుకొని, ఏటా పెరిగిన మేరకు వేటాడి అమ్ముకొనడమే లాభసాటి అని కొందరు వాదించారు. ఈ వాదానికి ప్రాతిపదికగా నిలిచిన చిన్న పుస్తకం అమెరికా దేశపు వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు రేమండ్ డాస్మన్ (1919-2002) రచించిన ‘ఆఫ్రికన్ గేమ్ రాంచింగ్’. ఇది 1964లో వెలువడింది. అరవై ఏళ్ళు దాటిన తరువాత ఆ లెక్కలో నిలిచినదేమిటి, నిలవనిదేమిటి అని పరిశీలించడం అవసరం. ఒక పట్టికలోని అంకెలు ఖండాంతరాలకు ప్రాకి, గడ్డినేలల మీద బ్రతికే మనుషుల, మృగాల భవితవ్యాన్ని నిర్ణయించే స్థితికి వచ్చినప్పుడు ఆ అంకెలు ఎలా పుట్టాయో తెలియవలసి ఉన్నది.

లెక్క పుట్టిన చోటు

డాస్మన్, ఆయన సహచరుడు ఆర్చీ మాస్మన్ 1959లో దక్షిణ రొడీషియాకు (నేటి జింబాబ్వే) వచ్చారు. అక్కడ హెండర్సన్ సోదరుల పశుక్షేత్రంలో 50 చదరపు మైళ్ళ ప్రాంతాన్ని ఎన్నుకొని, అందులో ఏ మృగాలు ఎన్ని ఉన్నవో లెక్కించారు. ఇంపాలా అనే జింక అన్నిటి కన్న అధికంగా ఉన్నది. జీబ్రా, కూడూ, జిరాఫీ, అడవిపంది వంటివి మరెన్నో ఉన్నవి. ఒక్కొక్క జాతిలో మంద తరిగిపోకుండా ఏటా ఎన్నిటిని తీసుకొనవచ్చునో నిర్ణయించి, వాటి మాంసానికి వెల కట్టి, అదే నేల మీద గొడ్ల పెంపకం ఇవ్వగల ఆదాయంతో పోల్చి చూచారు. వేటజంతువుల వల్ల మాంసం కొంత ఎక్కువగాను, లాభం అనేక రెట్లు ఎక్కువగాను వస్తుందని తేలింది.

ఈ ఫలితం వెలువడిన కాలాన్ని కూడా గుర్తుంచుకొనాలి. గొడ్లకు ప్రాణాంతకమైన నగానా రోగాన్ని సెట్సీ ఈగ వ్యాపింపజేస్తుంది. ఆ ఈగకు ఆహారం దొరకకుండా చేయాలని ఆ దేశపు ప్రభుత్వం అప్పటికే లక్షలాది వన్యమృగాలను కాల్పించి ఉన్నది. గొడ్లకు చోటు చేయడం కోసం మృగాలను చంపుతున్న కాలంలో, ఆ మృగాలే గొడ్ల కన్న విలువైనవని అంకెలతో చెప్పడం సాహసమే. ‘మృగం బ్రతికి ఉండాలంటే దానికి ఒక ధర ఉండాలి’ అన్న ఆలోచన ఈ లెక్క వెనుక పనిచేసింది. ఉద్దేశ్యం మంచిదన్న మాట నిజం. కాని ఉద్దేశ్యం మంచిదైనంత మాత్రాన లెక్క సరి కానేరదు.

వాదంలోని బలం

పుస్తకంలోని జీవశాస్త్రం గట్టిది. ఒకే బీడులో మేక, గొర్రె, గేదె మేయడం చూచిన తెలుగు రైతుకు దీనిని వివరించవలసిన పని లేదు. మేక ముంగాళ్ళెత్తి కంపమీది ఆకు తెంపుకొంటుంది. గొర్రె తలవంచి పొట్టిగడ్డి కొరుకుతుంది. గేదె ఏపుగా ఎదిగిన గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది. ఆఫ్రికా బయళ్ళలో ఇట్టి పనివిభజన ఇంకా విస్తృతంగా ఉన్నది. జిరాఫీ చెట్టు కొమ్మలను, కూడూ పొదలను, జీబ్రా ముదురు గడ్డిని, వైల్డెబీస్టు లేతగడ్డిని ఆశ్రయిస్తాయి. ఇంపాలా వానకాలంలో గడ్డి, ఎండకాలంలో ఆకు మేస్తుంది. గొడ్లు మాత్రమే ఉన్న నేలలో గడ్డి అరిగిపోతుంది, ముళ్ళపొదలు పెరిగిపోతాయి. అనేక జాతులున్న చోట మేత అన్ని అంతస్తులలోను వినియోగమవుతుంది.

నీటి విషయం కూడా ఇట్టిదే. గొడ్డుకు ఎండకాలంలో దాదాపు ప్రతిదినం నీరు కావాలి. కనుక అది నీటి రేవుకు దూరంగా పోలేదు. రేవు చుట్టూ ఉన్న గడ్డి అడుగంటుతుంది, దూరాన ఉన్న గడ్డి వృథా అవుతుంది. 1960లలో సి. ఆర్. టేలర్ కెన్యాలో చేసిన పరిశోధనలలో ఓరిక్స్ అనే మృగం తన శరీరోష్ణాన్ని 45 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరగనిచ్చి, చెమట పట్టడం తగ్గించి నీటిని పొదుపు చేస్తుందని తేలింది. రాత్రివేళ గాలిలోని తేమను పీల్చుకొన్న ఆకులను మేయడం ద్వారా కూడా అట్టి మృగాలు నీటిని పొందగలవు. నగానా రోగం సోకినా వన్యమృగాలు చాలా వరకు తట్టుకొంటాయి. ఈ గుణాలన్నీ నిజమే. వాటిని మాంసపు తూకంగా మార్చడంలోనే చిక్కు ఉన్నది.

నిలువ వేరు, రాబడి వేరు

ఆ రోజులలో తూర్పు ఆఫ్రికాలో లీ టాల్బట్, మార్తా టాల్బట్ దంపతులు జరిపిన పరిశీలనలు కూడా ఈ వాదానికి అండగా నిలిచాయి. ఒక చదరపు మైలు నేల మీద తిరుగుతున్న జంతువులన్నిటి మొత్తం బరువును సజీవ భారం అంటారు. మంచి సవన్నాలో వన్యమృగాల సజీవ భారం గొడ్ల భారం కన్న చాలా ఎక్కువ అని వారు చూపించారు. దీనిని చదివినవారిలో పలువురు, బరువు ఎక్కువ కనుక మాంసపు రాబడి కూడా ఎక్కువే అని భావించారు.

ఇది చెరువులోని నీటిమట్టాన్ని చూచి ఏటా వచ్చే నీరు ఎంతో చెప్పినట్లున్నది. ఏనుగు గర్భం మోసే కాలం 22 నెలలు. ఈతకు ఈతకు నడుమ నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. ఏనుగుల మంద బరువు లెక్కలో కొండంత కనిపించినా, ఏటా అందులో చేరే బరువు స్వల్పం. ఇంపాలా ఆరున్నర నెలలు మోసి, ఏటేటా ఒక పిల్లను ఈనుతుంది. దాని మంద తేలికైనా రాబడి వేగం ఎక్కువ. కనుక ఏ జాతులు ఏ పాళ్ళలో ఉన్నవో చెప్పకుండా మొత్తం భారాన్ని గొడ్లతో పోల్చడం అర్థం లేని పని.

పైగా ఆ భారం కూడా మృగజాతుల మహిమ ఒక్కటే కాదు. 1976లో కో, కమింగ్, ఫిలిప్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని అనేక ప్రాంతాల అంకెలను సేకరించి, పెద్ద శాకాహార జంతువుల మొత్తం బరువు ఆయా చోట్ల కురిసే వానను అనుసరించి పెరుగుతున్నదని చూపించారు. వానలు బాగా కురిసే చోట మృగాలను, బెట్టనేలలో గొడ్లను లెక్కించి రెంటినీ పోల్చితే తేలేది వాన తేడాయే గాని జాతుల తేడా కాదు.

హెండర్సన్ క్షేత్రంలో ఒకే నేలను తీసుకొన్నందున ఈ రెండవ దోషం లేదు. కాని అక్కడ మరొక బలహీనత ఉన్నది. పట్టికలో గొప్పగా కనిపించిన వేటమాంసం తూచిన మాంసం కాదు, రాగలదని ఊహించిన మాంసం. లెక్కించిన మృగాల సంఖ్యను, ఏటా తీసుకొనదగిన పాలుతో గుణించగా వచ్చిన అంకె అది. ఇట్టి గుణకారంలో చిన్న పొరపాట్లు ఎలా పెరుగుతాయో ఉదాహరణకు చూడవచ్చును. వెయ్యి ఇంపాలాలు ఉన్నవనుకొని నూటికి 25 తీసుకొనవచ్చునంటే ఏడాదికి 250 వస్తాయి. నిజానికి 800 మాత్రమే ఉండి, నూటికి 20 కన్న తీసుకొనరాదని తేలితే వచ్చేవి 160. రెండు అంచనాలలోను తప్పు ఐదింట ఒక వంతే. ఫలితంలో మూడింట ఒక వంతుకు పైగా రాబడి మాయమైంది. పొదలలో తిరిగే మృగాలను లెక్కించడంలో ఇంతటి తప్పు వింత కాదు. ఇది అంచనాయే అని రచయితలు దాచలేదు. దానిని ఉదహరించినవారే అంచనా అన్న మాటను క్రమంగా మరచిపోయారు. నీళ్ళలో ఉన్న గేదెకు బేరం కుదిరినట్లు భావించారు.

గొడ్డు నడిచి వస్తుంది

మృగం పొదలో ఉన్నప్పటి వెలకు, అంగడిలో మాంసమైనప్పటి వెలకు నడుమ ఉన్న ఖర్చు ఈ విషయంలో అన్నిటి కన్న పెద్ద అంశం. గొడ్డు తన కాళ్ళ మీద తానే సంతకు నడిచిపోతుంది. కసాయిశాలలో నీరు, వెలుతురు, పరీక్షించే పశువైద్యుడు సిద్ధంగా ఉంటాయి. ఇంపాలాను మాత్రం అది ఉన్న చోటికి పోయి కాల్చాలి. రక్తం కార్చి, పేగులు తీసి, ఎండకు చెడిపోక ముందే శీతల గదికి చేర్చాలి. శుభ్రం చేసిన తరువాత ఒక ఇంపాలా వల్ల వచ్చే మొండెం బరువు ఇంచుమించు 25 కిలోలు. 200 కిలోల మొండెమిచ్చే ఒక ఎద్దుకు సాటి రావాలంటే ఇంత పనీ ఎనిమిది మార్లు చేయాలి.

ఇంతకు తోడు మృగం నేర్చుకొంటుంది. మొదటి వారం తుపాకికి దగ్గరగా నిలిచిన మంద, రెండవ నెలలో బండి చప్పుడు వినగానే పొదలలో దూరుతుంది. తొలి నూరింటికి అయిన ఖర్చుతో మలి నూరు చేతికి రావు. తరిమి తరిమి చంపితే మాంసమే చెడుతుంది. అలసిన కండరంలో గ్లైకోజన్ హరించిపోతుంది. చచ్చిన తరువాత ఆ గ్లైకోజన్ నుండి ఏర్పడవలసిన లాక్టికామ్లం ఏర్పడదు. ఆమ్లగుణం తగ్గిన మాంసం నల్లబడి, త్వరగా క్రుళ్ళుతుంది. కనుక రాత్రివేళ దీపపు వెలుగులో కదలక నిలిచిన మృగాన్ని ఒక్క గుండుతో తలలో కొట్టగల నేర్పరి కావాలి. అట్టివానికి కూలి కూడా ఎక్కువే.

లెక్కలో లేని గడులు

పోల్చిన రెండు పక్షాలు సమానమైనవి కావు అన్నది మరొక ఆక్షేపణ. హెండర్సన్ క్షేత్రం వంటి చోట గొడ్డు మాంసం కోసమే పెరుగుతుంది. ఆఫ్రికా పల్లెలలో గొడ్డు అంటే పాలు, దుక్కి, ఎరువు, పెండ్లికి ఓలి, కరవునాడు అమ్ముకొనే ధనం. కాడి కట్టిన ఇంపాలా ఎక్కడా లేదు. తెలుగు పల్లెలో ఎద్దు విలువను దాని మాంసపు బరువుతో కట్టినవానిని ఎవరూ తెలివిగలవాడనరు. గొడ్డు ఇచ్చే అనేక ఫలాలలో ఒక్కదానిని మాత్రమే త్రాసులో ఉంచి, గొడ్డు ఓడిందని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

రోగాలకు సంబంధించిన గడి కూడా ఖాళీగానే ఉన్నది. వన్యమృగం తాను తట్టుకొన్న రోగాన్ని పొరుగు గొడ్డుకు అంటించగలదు. ఆఫ్రికా అడవిదున్న పైకి ఏ లక్షణమూ చూపకుండా గాలికుంటు వ్యాధి వైరసును ఏళ్ళ తరబడి గొంతులో మోయగలదు. వైల్డెబీస్టు దూడలు వెలువరించే ఒక వైరసు గొడ్లకు సోకితే చావు తప్పదు. కనుక మసాయి కాపరులు వైల్డెబీస్టు ఈనే కాలంలో లేతగడ్డి ఉన్న మైదానాలను వదలి, మందలను దూరంగా తోలుకొని పోతారు. మృగాల వల్ల వచ్చే లాభం ఒకరి ఖాతాలోను, ఈ నష్టం మరొకరి ఖాతాలోను పడితే మొత్తం లెక్క తేలేదెట్లు?

ఖాతా ఎవరిది అన్నదే అన్నిటి కన్న గంభీరమైన ప్రశ్న. 1930 నాటి భూవిభజన చట్టం దక్షిణ రొడీషియాలో సుమారు సగం భూమిని కొద్దిమంది తెల్లవారికి కేటాయించి, ఆఫ్రికనులను ప్రత్యేక ప్రాంతాలకు పరిమితం చేసింది. క్షేత్రం యజమాని కాల్చిన ఇంపాలా వ్యాపారం. పొరుగున ఉన్న పేద కుటుంబం ఉచ్చు వేసి పట్టిన ఇంపాలా నేరం. మాంసపు కొరత తీరుతుందన్న ఆశ ఈ వాదానికి పెద్ద ఆకర్షణ. కాని మాంసం కరువైనవాని ఇంటికి ఆ మాంసం ఏ దారిన చేరుతుందో లాభనష్టాల పట్టిక చెప్పలేదు.

అనుభవం ఏమి చెప్పింది?

జింబాబ్వేలో 1975 నాటి చట్టం తమ నేల మీది వన్యమృగాలపై అధికారాన్ని భూయజమానులకు ఇచ్చింది. ఆ తరువాత పలు పశుక్షేత్రాలలో వన్యమృగాల పెంపకం వ్యాప్తి పొందింది. పైకి చూస్తే డాస్మన్ మాట నెగ్గినట్లే కనిపిస్తుంది. కాని ఆ క్షేత్రాలకు ముఖ్యమైన ఆదాయం మాంసం వల్ల రాలేదు. కొమ్ముల కోసం, ఏనుగు దంతాల కోసం విదేశాల నుండి వచ్చి వేటాడే ధనికులు చెల్లించిన సొమ్ము వల్ల వచ్చింది. మాంసం ఉపఫలమైంది. 1980ల చివర ‘క్యాంప్‌ఫైర్’ అనే పథకం పల్లె ప్రజలకు కూడా ఇట్టి హక్కును కల్పించినప్పుడు అక్కడా ప్రధానమైన రాబడి ఏనుగు వేట వల్లనే వచ్చింది.

1991లో జాన్ మాక్‌నాబ్ ఆఫ్రికా దేశాలలోని వేటమాంసపు ప్రయత్నాల అంకెలన్నిటినీ తిరిగి పరిశీలించి, గొడ్ల కన్న అధికమైన రాబడి అన్న మాటకు తగిన ఆధారం లేదని తేల్చారు. మరుసటి ఏట దక్షిణ జింబాబ్వే పశుక్షేత్రాలపై వెలువడిన ఒక ఆర్థిక పరిశీలన శీర్షికే ‘గొడ్లా, వన్యమృగాలా, రెండూనా, ఏదీ కాదా’ అని. పెట్టుబడిపై గొడ్ల లాభమూ స్వల్పమే, మృగాల లాభం దాని కన్న కొంత మెరుగు అన్నది దాని సారాంశం. కెన్యా ప్రభుత్వం 1977లో వేటను నిషేధించింది. 1990లలో కొన్ని క్షేత్రాలలో మాంసం కోసం మృగాలను తీయడానికి ప్రయోగాత్మకంగా అనుమతించి, 2003లో దానిని నిలిపివేసింది.

మాంసపు వ్యాపారం ఎక్కడా నెగ్గలేదనడం కూడా తప్పే. దక్షిణాఫ్రికా కరూ బయళ్ళలో స్ప్రింగ్‌బాక్ అనే జింకను గొర్రెలతో పాటే ఉంచి, రాత్రివేళ కాల్చి, శీతల గదుల ద్వారా యూరపుకు పంపడం చాలా కాలం సాగింది. చెట్లు లేని బయలు, ఒకే జాతి పెద్ద మందలు, మంచి రోడ్లు, కొనగల అంగడి - ఈ నాలుగూ కూడిన చోట ఆ లెక్క పనిచేసింది. అంటే జయాపజయాలను మృగం శరీరధర్మం కన్న రోడ్డు, శీతల గది, చట్టం ఎక్కువగా నిర్ణయించాయి.

గడ్డి మాటేమిటి?

వన్యమృగాలు గడ్డినేలను చెరపవు, గొడ్లే చెరుపుతాయి అన్న నమ్మకం కూడా ఈ వాదంతో పాటు ప్రచారమైంది. కెన్యాలోని సావో జాతీయ వనంలో గొడ్లు లేవు. అయినా ఏనుగుల సంఖ్య పెరిగి విస్తారమైన చిట్టడవిని గడ్డిబయలుగా మార్చివేశాయి. 1970-71 నాటి కరవులో వేలాది ఏనుగులు మేత లేక చచ్చిపోయాయి. కంచె వేసి, బోరుబావి త్రవ్వి, కదలనీయకుండా ఉంచితే ఏ జంతువైనా తన నేలను తానే అరగదీస్తుంది. పచ్చికను కాపాడేది జంతువు జాతి కాదు, జంతువుల సంఖ్యా, వాటి కదలికా.

ఈ ప్రశ్నను సరిగా అడిగిన ప్రయోగం 1995లో కెన్యాలోని లైకిపియా ప్రాంతంలో, తుమ్మజాతి చెట్లు పెరిగే నల్లరేగడి నేలలో ప్రారంభమైంది. ఒక్కొక్కటి 4 హెక్టార్ల వైశాల్యం గల 18 మడులు కట్టి, కొన్నింటిలో గొడ్లను మాత్రమే, కొన్నింటిలో వన్యమృగాలను మాత్రమే, కొన్నింటిలో రెంటినీ మేయనిచ్చారు. కొన్నింటిలో దేనినీ రానీయలేదు. ఒకే వాన, ఒకే మట్టి, వేరు వేరు జంతువులు. డాస్మన్ పట్టికలో లోపించినది ఈ ఏర్పాటే.

ఈ మడులలో విల్‌ఫ్రెడ్ ఒడాడి, ఆయన సహచరులు గొడ్లను తూచి చూచి 2011లో ప్రకటించిన ఫలితం గమనింపదగినది. ఎండకాలంలో వన్యమృగాలతో కలిసి మేసిన గొడ్లకు మేత తగ్గింది, బరువు పెరుగుదల కుంటుపడింది. వానకాలంలో ఇందుకు విరుద్ధంగా, మృగాలతో కలిసి మేసిన గొడ్లే ఎక్కువ బరువు పెరిగాయి. జీబ్రా వంటి మృగాలు ఎండిన గడ్డికాడలను మేసి తొలగించినందున గొడ్లకు లేత చివుళ్ళు అందడమే దీనికి కారణం. గొడ్డుకు మృగం శత్రువా, మిత్రమా అన్న ప్రశ్నకు సమాధానం ఋతువును బట్టి మారుతున్నది. ఏడాది మొత్తానికి ఒకే అంకె ఇచ్చే పట్టికలో ఈ సత్యం ఇమడదు.

ముగింపు

డాస్మన్ పుస్తకంలోని ముఖ్యమైన లెక్క నిలవలేదు. అయినా అది వ్యర్థమైన పుస్తకం కాదు. గడ్డినేలను ఒకే పంటగా గాక అనేక అంతస్తుల మేతగా చూడడం, మృగానికి నేల మీద హక్కు ఉన్నదని పశువుల కాపరులకు అర్థమయ్యే భాషలో చెప్పడం దాని గుణాలు. అంచనాను ఫలితంగాను, నిలువను రాబడిగాను, ఒక క్షేత్రాన్ని ఖండంగాను గ్రహించడం దాని అనుయాయుల దోషాలు. ‘గొడ్డా, మృగమా’ అని అడిగినందువల్ల ముప్పై ఏళ్ళు తెగని తగవు మిగిలింది. ‘ఏ నేలలో, ఏ ఋతువులో, ఎన్నెన్ని కలిసి మేయవచ్చును?’ అని అడిగినప్పుడు త్రాసు జవాబిచ్చింది.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కారణంగా వేటమాంసపు వ్యాపారం ప్రసక్తి లేదు. కాని ఒకే గడ్డి మీద కృష్ణజింకలూ, గొర్రెల మందలూ బ్రతికే నేలలు రోళ్ళపాడు వంటి చోట్ల కలవు. జింక వల్ల గొర్రెకు మేత తగ్గుతున్నదని ఒకరు, గొర్రె వల్ల జింక నశిస్తున్నదని మరొకరు అంటారు. ఇట్టి తగవులో ఏ పక్షమైనా ఒక పట్టికను తెచ్చి చూపినప్పుడు అందులోని బరువు తూచినదా, ఊహించినదా, అది ఏ నెల నాటిది, ఎవరి ఖాతాలో పడింది అని ముందుగా అడగవలెను. అట్టి ప్రశ్నలు అడగకుండా అంకెలను నమ్మితే చెడేది గొర్రెల కాపరి బ్రతుకూ, కృష్ణజింక బ్రతుకూ కూడా.